దారం ఎక్కించిన పోస్టర్

ఆ చొక్కాల కార్ఖానాలో ఎవర్నీ సొంత పేరుతో పిలవరు. చొక్కాలో ఏ ముక్క కుడితే అదే పేరు. జేబులు అతికే ఆవిడ జేబులక్క. కాలర్లు కుట్టే చిన్నది కాలరు పిల్ల. గుండీల కోసం కాజాలు కుట్టే ఆవిడ కాజాలక్క. అందరూ కలిస్తే ఒక చొక్కా అవుతుంది. ఆ చొక్కా మాత్రం వాళ్లలో ఎవరి మొగుడి ఒంటి మీదా కనిపించదు. వాళ్ల మీద పెత్తనం చేసే సూపర్‌వైజరు ఏమీ కుట్టడు కాబట్టి అతనికి వేరే పేరు వెతకాల్సి వచ్చింది. మాట్లాడినంతసేపూ మణికట్టు మీద వాచీని వేలితో కొడుతుంటాడని గడియారం అన్నారు.

కాజాలక్క నోరున్న మనిషి. బడికి పోయింది తక్కువే గానీ కాగితం కనబడితే వదలదు. పొట్లం విప్పి, లోపలున్న పప్పు పక్కన పోసి, ముందు కాగితం చదివే రకం. హాల్లో ఏ అన్యాయం జరిగినా, చొక్కా ముక్కల కొలతలు గీసే గోధుమరంగు కాగితం ఒకటి సంపాదించి, వెనకవైపు లావుపాటి అక్షరాలతో రాసి, ఆడవాళ్ల టాయిలెట్ గోడకి అంటించేది. అక్కడే ఎందుకంటే, ఆ అంతస్తు మొత్తం మీద గడియారం అడుగు పెట్టలేని చోటు అదొక్కటే. దాన్ని అందరూ గోడ కబురు అనేవాళ్లు.

గోడ కబుర్లో కొన్నాళ్లుగా ఒకటే గొడవ, వెనక తలుపు. హాలు మూడో అంతస్తులో ఉంది. ముందువైపు మెట్లు మహా ఇరుకు, ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి. వెనకవైపు ఇనప తలుపు, దాని అవతల వెడల్పాటి మెట్లు. బట్ట దొంగతనంగా పోతోందని ఏనాడో ఆ తలుపుకి తాళం వేశారు. ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మోటారు కాలిపోయి హాలంతా పొగ కమ్మింది. అందరూ ఒక్కసారిగా ఆ ఇరుకు మెట్ల మీద పడ్డారు. ఎవరి ప్రాణమూ పోలేదు గానీ జేబులక్క కాలు మడతపడింది. ఇప్పటికీ ఈడుస్తూనే నడుస్తుంది. అప్పట్నుంచీ తలుపు తెరవమని అడుగుతున్నారు.

"తాళం చెవి పోయిందమ్మా. తాళం కూడా తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఎలక్షన్లు కానీండి, చూద్దాం," అంటాడు గడియారం, వాచీ కొడుతూ.

ఇదివరకు తనిఖీ ఆఫీసరు మెట్లెక్కి వచ్చి చూసేవాడు. అధికారంలో ఉన్న పార్టీ ఆ పద్ధతి ఎత్తేసింది. ఇప్పుడు 'మా దగ్గర అన్నీ సవ్యంగా ఉన్నాయి' అని యజమాని తనకు తానే రాసి సంతకం పెట్టుకుంటే చాలు. పరీక్ష రాసినవాడే మార్కులు వేసుకోవడమన్నమాట. ఆ యజమాని చొక్కా మీద ఆ పార్టీ బిళ్ల ఊరికే మెరవడం లేదు.

ఎలక్షన్లు దగ్గర పడేసరికి ఊరంతా ఆ పార్టీ పోస్టర్లే. కాజాలక్క ఇంట్లో కూడా. ఆమె మరిది కూలికి పోస్టర్లు అంటిస్తాడు. మిగిలినవి ఇంటికి తెచ్చి వంటగది అరల్లో పరుస్తాడు. నాయకుడి నుదుటి మీద నూనె డబ్బా, చిరునవ్వు మీద ఉప్పు సీసా.

"ఎవరి పోస్టర్లు పడితే వాళ్లవి అంటిస్తావేంట్రా?" అని కాజాలక్క గయ్యిమంటే, "వదినా, నాకు పార్టీ లేదు, జిగురే ఉంది," అని నవ్వేసేవాడు.

ఒకరోజు తెచ్చిన పోస్టర్ చూసి కాజాలక్క ఒళ్లు మండిపోయింది. అందులో కుట్టుమిషను ముందు ఒక అమ్మాయి. ఆమె వెనక ఆకాశమంత నాయకుడి మొహం. కింద 'మీ చేతులే మా బలం' అని బంగారు రంగు అక్షరాలు. ఆ చేతులకి పొడుగాటి రంగు గోళ్లు. జుట్టు విరబోసుకుని ఉంది. అలా మిషను ముందు కూర్చుంటే పొద్దెక్కేలోపు బెల్టులో జుట్టు పోతుంది, దాంతోపాటు నెత్తి తోలూ పోతుంది. కూర్చున్నది మెత్తటి వీపు కుర్చీ. అన్నిటికంటే పెద్ద తమాషా, సూదిలో దారం లేదు.

మర్నాడు గోడ కబుర్లో అదే రాసింది. 'అమ్మా పోస్టర్ మహారాణీ! దారం లేకుండా ఏం కుడుతున్నావు? మీ నాయకుడి వాగ్దానాలా? అవైతే దారం లేకుండానే కుట్టొచ్చులే. ఆ కుర్చీ మాకు ఒక్క పూట అద్దెకిస్తావా?' ఇంకా చాలా రాసింది. లోపలికి వెళ్లిన ప్రతి మనిషీ నవ్వుకుంటూ బయటికొచ్చింది. జేబులక్కయితే కడుపు పట్టుకుని గోడకి జారబడింది. గడియారం మాత్రం అందరికీ ఒకేసారి ఏమైందో తెలియక తెల్లమొహం వేశాడు.

ఎవరో దాన్ని ఫోన్లో ఫోటో తీశారు. అది ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి పాకి, మర్నాటికి టీ కొట్ల దగ్గర మగాళ్లు కూడా "వాగ్దానాలైతే దారం అక్కర్లేదు" అని చెప్పుకుని నవ్వుతున్నారు. మరిది పోస్టర్ అంటిస్తుంటే ఎవరో వెనకనుంచి "దారం తెచ్చావా బాబూ?" అని అడిగారట. కాజాలక్క నాలుగు రోజులు నేల మీద నడవలేదు. ఒక పార్టీకి, అంత డబ్బున్న పార్టీకి, తను గాలి తీసేసింది మరి.

తర్వాత కొత్త పోస్టర్ వచ్చింది.

మరిదే తెచ్చాడు, చుట్ట విప్పి నేల మీద పరిచాడు. "వదినా, చూడు. నీ దెబ్బకి మార్చేశారు!"

కాజాలక్క వంగి చూసింది. అమ్మాయి మారింది. జుట్టు గుడ్డతో బిగించి కట్టుకుంది. గోళ్లు కొరుక్కున్నవి, జాకెట్టు చేతి మీద నూలు పోగులు. కూర్చున్నది వీపు లేని ముక్కాలి పీట. సూదిలో తెల్లదారం, కండె నుంచి సూది దాకా ఎలా తిరగాలో అలాగే తిరిగి ఉంది. నాయకుడు మాత్రం మారలేదు, ఆకాశంలోనే ఉన్నాడు. కింద అక్షరాలు కొత్తవి: 'నిజమైన కార్మికురాలు. నిజమైన గౌరవం.' ఆ అమ్మాయిని కాజాలక్క గుర్తుపట్టింది. కాలరు పిల్ల. మిషను కూడా వాళ్ల హాలుదే.

హాల్లో పండగలా ఉంది మర్నాడు. "మన పిల్ల ఊరంతా కనిపిస్తోందే!" అని ఒకరు. "మన మాట విన్నారమ్మా, ఎంతైనా పెద్ద పార్టీ కదా" అని ఇంకొకరు. కాలరు పిల్ల సిగ్గుతో తలెత్తడం లేదు. వాళ్లమ్మ ఇంటి తలుపుకి అంటించుకుందట. మొన్నటిదాకా ఆ పార్టీ పేరెత్తితే మూతి తిప్పిన వాళ్లు కూడా, "విన్నారు కదా, వింటారు," అంటున్నారు.

టాయిలెట్ దగ్గర జేబులక్క కాలు ఈడ్చుకుంటూ వచ్చి కాజాలక్క భుజం తట్టింది. "ఏమ్మా కాజాలక్కా, కొత్త ఉద్యోగం ఎలా ఉంది?"

"ఏం ఉద్యోగం?"

"వాళ్ల పోస్టర్లలో తప్పులు దిద్దే ఉద్యోగం. దారం మర్చిపోతే చెప్పావు, ఎక్కించుకున్నారు. ఇంకేం మర్చిపోయారో కూడా చెప్పేసేయ్, పుణ్యం. జీతం మాత్రం అడక్కు, వాళ్లు గౌరవం ఇస్తారు."

నవ్వుతూనే అంది. కాజాలక్కకి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి తిప్పికొట్టడం ఆమెకి అలవాటు. ఆ పూట తిరిగి మిషను దగ్గరికి నడిచింది.

సాయంత్రం ఇంటికొచ్చి వంటగదిలో నిలబడింది. పొయ్యి వెలిగించలేదు. అరల వైపే చూస్తూ ఉంది. జేబులక్క అన్నదాంట్లో అబద్ధం ఏముంది? దారం లేదని తను అడిగింది, దారం ఇచ్చారు. కుర్చీని వెక్కిరించింది, పీట వేశారు. కాగితం మీద అడిగితే కాగితం మీద ఇచ్చారు. దానికి వాళ్లకేం ఖర్చయింది? మనల్ని తప్పుగా బొమ్మ గీశారని ఏడ్చాం, ఒప్పుగా గీశారు, మనం మురిసిపోయాం. తలుపు సంగతి ఆ నవ్వుల్లో ఎటు పోయిందో! ఆ గోడ కబుర్లో తలుపు గురించి ఒక్క ముక్క కూడా రాయలేదని అప్పుడు గుర్తొచ్చింది. పోస్టర్ మీద కోపంలో దాన్ని మర్చిపోయింది. పోస్టర్ పని కూడా అదేనేమో, కోపాన్ని సైతం తన మీదికే లాక్కోవడం.

అరల్లో రకరకాల పోస్టర్లున్నాయి. పై అరలో ఒక రైతు, ఒక్కడే. కింది అరలో చంటిపిల్లతో ఒక తల్లి, ఒక్కతే. దాని పక్కన ఇటుకలు మోసే మనిషి, ఒక్కడే. చుట్టుపక్కల ఇంకో మనిషి లేడు, మాట్లాడుకోవడానికి తోడు లేదు. పోస్టర్లో ఇద్దరుంటే ఆ రెండోవాడు ఎప్పుడూ నాయకుడే. పక్కన ఉండడు, పైన ఉంటాడు. తమ హాల్లో ఇన్ని మిషన్లుంటే కాలరు పిల్లని ఒక్కదాన్నే కూర్చోబెట్టి తీశారు. జేబులు, కాజాలు, చేతులు కుట్టేవాళ్లు లేకుండా ఆ పిల్ల ఒక్కతే ఏం చొక్కా కుడుతుందట?

"ఏమే, అన్నం వండుతావా, అరలకి దండం పెడుతున్నావా?" అని అత్తగారు వెనకనుంచి అంది.

అత్తగారు కూడా ఆ హాల్లోనే పనిచేసి కళ్లు దెబ్బతిని ఇంటికొచ్చిన మనిషి. ఇప్పుడు వెలుగూ చీకటీ తెలుస్తాయి తప్ప మొహాలు ఆనవు. కాజాలక్క కొత్త పోస్టర్ తీసి ఆమె ఒళ్లో పెట్టింది. "చూడత్తా, మన హాలే. కాలరు పిల్లని కూర్చోబెట్టి తీశారు."

ముసలావిడ దాన్ని ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టుకుని అటూఇటూ తిప్పింది. "పిల్ల మొహం నాకేం తెలుస్తుంది? ఒక చెంప మాత్రం ధగధగలాడుతోంది. ఎండలో కూర్చుందా?"

"హాల్లో ఎండేంటి అత్తా? ట్యూబులైట్లేగా."

"మా రోజుల్లో పడేది. కాలర్ల వరస మీద పొద్దున్నే భలే పడేది. టీ తాగేవేళ దాకా కళ్లు చికిలించుకుని కుట్టేవాళ్లం. ఆ తలుపు తీసి ఉండేదిగా అప్పుడు."

కాజాలక్క పోస్టర్ లాక్కుంది. ఎడమ చెంప మీద, ఎడమ భుజం మీద, దారం కండె మీద పసుపురంగు వెలుగు. కుడివైపు నీడ. ట్యూబులైటు అలా పడదు, అది అందరి మొహాలూ ఒకేలా పాలిపోయేలా చేస్తుంది. కాలర్ల వరసకి ఎడమవైపు ఉన్నది ఒక్కటే, వెనక తలుపు.

"అత్తా," అంది, "నీ కళ్లు బాగాలేవని ఎవరన్నారే!"

"నీ మొగుడే," అంది అత్తగారు. "ముందు వంట చెయ్."

మర్నాడు తిండివేళ కాజాలక్క కాలరు పిల్ల పక్కన చేరింది. ఊరికే కసిరితే పిల్ల నోరు మూసుకుంటుందని తెలుసు.

"ఫోటోలో బాగున్నావే."

"నిజంగానా అక్కా? నాకైతే నచ్చలేదు, కళ్లు మూసుకున్నట్టు వచ్చాయి."

"ఎందుకలా?"

"ఎండ కళ్లలో కొట్టింది. ఫోటో ఆయనేమో నవ్వమ్మా నవ్వమ్మా అని..." అని ఆగిపోయింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

కాజాలక్క తన ముద్ద తను కలుపుకుంది.

"చెప్పొద్దన్నారక్కా," అంది పిల్ల నెమ్మదిగా. "ఆదివారం పిలిపించారు. చీకటిగా ఉందని ఫోటో ఆయన గొడవ చేశాడు. అప్పుడు సార్ వెనక తలుపు తీశారు. తుప్పూ లేదు ఏమీ లేదు, తాళం టక్కున వచ్చేసింది. అమ్మ పోస్టర్ చూసి ఏడ్చిందక్కా సంతోషంతో. ఇప్పుడు నేను చెబితే నా పని పోతుంది."

"నిన్ను చెప్పమని నేను అడిగానా?" అంది కాజాలక్క. "నువ్వు చెప్పక్కర్లేదు. ఊరంతా గోడల మీద వాళ్లే అంటించారు."

ఆ రోజు గోడ కబుర్లో వెక్కిరింపు లేదు. కొత్త పోస్టర్‌నే అంటించి కింద ఒక్క వాక్యం రాసింది: 'ఈ చెంప మీద ఎండ ఎటునుంచి వచ్చింది?' అంతే. ఇంకేదైనా కలపాలని చెయ్యి దురద పెట్టింది. ఆపుకుంది.

ఈసారి ఎవరూ నవ్వుతూ బయటికి రాలేదు. ఒక్కొక్కరే వచ్చి, మిషను దాకా వెళ్లి, కూర్చోబోతూ వెనక తలుపు వైపు ఒకసారి చూసి కూర్చున్నారు. జేబులక్క మాత్రం చాలాసేపు లోపలే ఉండిపోయింది. బయటికొచ్చాక కాజాలక్కతో ఒక్క మాట అంది. "ఉద్యోగం మానేసినట్టున్నావే."

మరుసటి పొద్దున మిషన్లు మొదలైన కాసేపటికి జేబులక్క తన మిషను ఆపి లేచి నిలబడింది.

"ఏంటమ్మా, కాలు నొప్పా?" అన్నాడు గడియారం.

"కాలు కాదు సార్, కళ్లు. చీకటిగా ఉంది. ఆ తలుపు తీస్తే కాస్త కనబడుద్ది."

"చెవి పోయిందని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"ఫోటో తీసిన రోజు దొరికిందటగా."

"ఎవరన్నారు?" గడియారం గొంతు లేచింది.

"మీ నాయకుడే సార్." జేబులక్క బల్ల కిందనుంచి పోస్టర్ తీసి విప్పి పట్టుకుంది. "ఇదిగో, పిల్ల మొహం మీద ఎండ. మన హాల్లో ఎండ ఎక్కడిది సార్?"

గడియారం పోస్టర్ వైపు చూశాడు, వాచీ వైపు చూశాడు. "అదా! అది కంప్యూటర్లో పెట్టిన ఎండ. ఫోటోలకి అలా పెడతారు. మీకేం తెలుసు?"

కాజాలక్క లేచింది. "అయితే పోస్టర్ అబద్ధమా సార్?"

"నేను అలా అన్నానా?"

"కింద నిజమైన కార్మికురాలు అని రాశారు. ఎండ దొంగదైతే కార్మికురాలు నిజం ఎలా అవుద్ది? అబద్ధమని మీరే చెప్పండి, కూర్చుంటాం. యజమాని గారు వస్తే ఆయనకీ చెబుదాం, సార్ పోస్టర్ అబద్ధం అంటున్నారని."

నిజమంటే తలుపు, అబద్ధమంటే యజమాని. రెండిటి మధ్యా ఇరుక్కున్న గడియారం చేతికి దొరికిన వాళ్ల మీద పడ్డాడు. కాలరు పిల్ల వైపు వేలు చూపించాడు. "నువ్వే కదూ వాగింది?"

పిల్ల మొహం కాగితంలా అయింది. పోస్టర్లో ఉన్న పిల్లకీ ఈ పిల్లకీ పోలికే లేదు. ఏమీ చెప్పలేదని ఒక్క మాట అంటే సరిపోయేది, అది అబద్ధం కూడా కాదు దాదాపుగా. కాజాలక్క మనసులో అదే అనమని వేడుకుంది.

"కంప్యూటర్ కాదు సార్," అంది పిల్ల. "నా కళ్లలో పడింది. మీ ప్యాంటు జేబులోంచే తీశారు చెవి."

"లే. సంచి తీసుకుని ఇంటికి పో."

పిల్ల లేచింది. సంచి మేకుకి ఉంటే బల్ల కింద వెతుక్కుంటోంది. అప్పుడు ఎక్కడో వెనక వరసలో ఒక మిషను ఆగింది. ఇంకోటి. ఆ హాల్లో చప్పుడు ఎంతలా ఉంటుందంటే, అది ఆగితే చెవుల్లో గుయ్యిమంటుంది. కాసేపటికి ఆ గుయ్యిమనడమే మిగిలింది. లేవమని కాజాలక్క ఏ గోడ మీదా రాయలేదు. అందరూ లేచే ఉన్నారు.

"పిల్ల ఒక్కతే పోదు సార్," అంది జేబులక్క. "కాలరు పోతే జేబులు పోతాయి, చేతులు పోతాయి, కాజాలు పోతాయి. యజమాని గారు ఒట్టి గుండీలు అతికించుకుని తిరగాలి."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు వరసల మీదుగా పాకింది. గడియారానికి భయం వేసింది ఆ నవ్వు విన్నాకే. వాచీ కొట్టడం మర్చిపోయాడు. చెయ్యి ప్యాంటు జేబులోకి వెళ్లింది. పక్కవాళ్లకి గలగల వినిపించింది.

తాళం టక్కున వచ్చింది.

తలుపు తెరుచుకుంటే లోపలికి వచ్చింది వెలుగొక్కటే కాదు, దుమ్ము కూడా. అందరూ గుమ్మం దగ్గర గుమికూడి అవతలికి చూశారు. మెట్లు లేవు. ఉన్నాయి గానీ కనబడవు. గుడ్డపీలికల మూటలు, విరిగిన బల్లలు, కాలిపోయిన మోటారు, ఏళ్ల తరబడి ఎవరూ చూడనప్పుడు తలుపు తీసి పడేసిన చెత్తంతా నిలువెత్తున ఉంది. ఫోటో ఆయనకి కావలసింది వెలుగు. మెట్లతో ఆయనకేం పని?

కాజాలక్క నిట్టూర్చింది. తలుపు తలుపు అని ఇన్నాళ్లూ అరిచింది, అవతల ఏముందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇంకో గోడ కబురు రాయాలి కాబోలు అనుకుంటుండగానే జేబులక్క ముందుకెళ్లి పై మూట లాగింది. "నిలబడి చూస్తారేం? పట్టుకోండి!" ఆమె కాలరు పిల్లకిచ్చింది, కాలరు పిల్ల వెనకామెకిచ్చింది. గుమ్మం నుంచి హాలు మీదుగా, ముందు మెట్లు దిగి కింది వాకిలి దాకా వరస కట్టారు. మూటలు చేతుల మీదుగా పోతున్నాయి. తుమ్ములు, తిట్లు, "ఒసేయ్ నా కాలు" అని అరుపులు. టీ వేళకి పై మెట్లు బయటపడ్డాయి. కింది మెట్లు ఇంకా ఉన్నాయి.

"తాళం ఏదమ్మా? తాళం ఇవ్వండి," అని గడియారం వరస పొడుగునా అడుగుతూ తిరిగాడు. అది కూడా మూటల్తోపాటు చేతులు మారింది. ఎవర్ని అడిగినా పక్కామెని చూపించారు.

కాలరు పిల్ల సంచి మేకుకే వేలాడుతోంది. సాయంత్రం యజమాని వస్తాడు, అప్పుడు ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. ఎలక్షన్లు కూడా ఇంకా కాలేదు.

కాజాలక్క చేతులు దులుపుకుని మిషను ముందు కూర్చుంది. సూదిలో దారం ఎక్కించి చొక్కా అందుకుంది. ఎండ ఏటవాలుగా వచ్చి కళ్లలో పొడిచింది. ఆ వెలుగులో కుట్టిన మొదటి కాజా వంకరపోయింది. పళ్లు కొరుక్కుంటూ విప్పి, పీట కొంచెం పక్కకి జరుపుకుని, మళ్లీ మొదలుపెట్టింది.